చూసినవాళ్లలో అందరికంటే గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు ఎవరు? పిల్లలకు ఏ మ్యాచ్ పూర్తిగా చూపించాలి?

టోలిచౌకి_కోచ్

అందరికీ నమస్తే. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, వారానికొక పూర్తి మ్యాచ్ చూపించాలని ఉంది. వీళ్లకు ఆటగాళ్లంటే ముప్పై సెకన్ల రీల్సే. మెస్సీనా, రొనాల్డోనా అని గంటలు వాదించుకుంటారు గానీ, ఇద్దరిలో ఎవరినైనా సరే 90 నిమిషాలు కుదురుగా గమనించిన పిల్లాడు లేడు.

మీరు చూసినవాళ్లలో అందరికంటే గొప్పవాడు ఎవరు, ఎందుకు? ఆ గొప్పతనం బాగా కనబడే మ్యాచ్ ఒక్కటి చెప్పండి. అందులో కళ్లు ఎక్కడ పెట్టాలో కూడా రాయండి. గోల్స్ లెక్కలు వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. డిఫెండర్లను, కీపర్లను మర్చిపోవద్దు. మన హైదరాబాద్ వాళ్ల గురించి రాస్తే ఇంకా సంతోషం.

ఫాల్స్‌నైన్_10

మెస్సీ. నా లెక్కలో రెండో పేరు దగ్గర్లో కూడా లేదు. బంతి కాళ్ల దగ్గర లేనప్పుడు కూడా మ్యాచ్‌ను తన చేతుల్లో పెట్టుకున్న ఫార్వర్డ్ ఇంకొకడు కనబడలేదు.

చూపించాల్సింది 2009 మే 2, మాడ్రిడ్‌లోని బెర్నబ్యూ స్టేడియం. రియల్ మాడ్రిడ్ 2, బార్సిలోనా 6. ఆ రోజు బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సీని కుడి వింగ్ నుంచి మధ్యకు తెచ్చి, మధ్యలో ఆడే ఎటోను కుడివైపు పంపాడు. మెస్సీ సెంటర్ ఫార్వర్డ్ చోట నిలబడకుండా వెనక్కి జారి, గాగో, లాస్ డియారాల వీపు వెనక ఖాళీలో ఆగుతాడు. సెంటర్ బ్యాక్‌లు కన్నవారో, మెట్‌జెల్డర్ అతన్ని పట్టుకోవడానికి ముందుకొస్తే వాళ్ల వెనక ఆన్రీకి, ఎటోకు దారి దొరుకుతుంది. రాకపోతే మెస్సీకి గోల్ వైపు తిరిగే తీరిక దొరుకుతుంది. ఏది ఎంచుకున్నా మాడ్రిడ్‌కు నష్టమే. 14వ నిమిషంలో హిగ్వాయిన్ గోల్‌తో ముందు వెళ్లింది మాడ్రిడే, కానీ 20వ నిమిషానికే బార్సిలోనా 2-1 చేసేసింది.

చూపించే పద్ధతి ఇలా పెట్టండి. మొదటి 15 నిమిషాలు మామూలుగా చూడనివ్వండి, ఆట లయ పట్టుబడాలి. తర్వాత 15 నిమిషాలు బంతి ఎక్కడున్నా కళ్లు మెస్సీ మీదే ఉండాలి. కాగితం మీద నాలుగు గళ్లు: బంతి రాకముందు తల ఎన్నిసార్లు తిప్పాడు, అందుకునేటప్పుడు ఒళ్లు ఎటు ఉంది, మొదటి టచ్‌తో బంతిని ఎటు తోశాడు, పాస్ ఇచ్చాక ఎటు నడిచాడు. బంతి పదిసార్లు అందుకునే వరకు రాస్తే చాలు, అతని అలవాటు కాగితం మీద కనబడుతుంది.

ఇక్కడ తప్పకుండా వచ్చే చిక్కు ఒకటుంది. మూడో నిమిషానికల్లా పిల్లల కళ్లు మళ్లీ బంతి వెంట పోతాయి. రాయడానికి తల దించితే రెండు పాస్‌లు దాటిపోతాయి. అందుకే ఇద్దరిద్దరిని జత చేయండి: ఒకరు తెర మీదే కళ్లుంచి పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. 15 నిమిషాలకు మార్చండి. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి మెస్సీ చాలాసేపు ఫ్రేములో ఉండడు. అప్పుడు ఎక్కడ మాయమయ్యాడో, మళ్లీ ఎక్కడ తేలాడో గుర్తు పెట్టమనండి. మధ్యలో ఎంత దూరం జరిగాడన్నదే వాళ్లు నేర్చుకోవాల్సిన విషయం.

దీనికి జతగా 2022 డిసెంబర్ 13, లుసైల్, క్రొయేషియాతో అర్జెంటీనా ప్రపంచకప్ సెమీఫైనల్. 69వ నిమిషంలో కుడి టచ్‌లైన్ దగ్గర్నుంచి క్రొయేషియా డిఫెండర్ గ్వార్డియోల్‌ను లాక్కుపోయి ఆల్వారెజ్‌కు ఇచ్చిన బంతి. మెస్సీకి అప్పుడు 35, గ్వార్డియోల్‌కు 20. పరుగు పందెంలో గెలిచేది కుర్రాడే. అందుకే మెస్సీ మధ్యలో వేగం చంపి అతన్ని ఆపి, అతని బరువు మడమల మీదకు వెళ్లాక మళ్లీ కదులుతాడు. సగం వేగంతో నడిపించి, బంతిని వదిలేసి గ్వార్డియోల్ పాదాలే చూడమనండి.

క్రిస్టియానో రొనాల్డో సంగతి పిల్లలు ఎలాగూ అడుగుతారు. బైసికిల్ కిక్ చూపిస్తే చప్పట్లు వస్తాయి, నేర్చుకునేది తక్కువ. 2008 మే 21, మాస్కో, చెల్సీతో చాంపియన్స్ లీగ్ ఫైనల్ 26వ నిమిషం పెట్టండి. చెల్సీ రైట్ బ్యాక్‌గా ఆడుతున్న ఎసియెన్ అసలు మిడ్‌ఫీల్డర్. వెస్ బ్రౌన్ క్రాస్ వేసేటప్పుడు రొనాల్డో దూరపు పోస్ట్ వైపు, ఎసియెన్ చూపుకు అందని పక్కన నిలబడి ఉంటాడు. ఎసియెన్ బంతిని చూస్తే మనిషి కనబడడు, మనిషిని చూస్తే బంతి కనబడదు. ఎగిరి కొట్టిన హెడర్ ఆ నిలబడిన చోటికి దక్కిన ఫలితం.

బర్కత్‌పురా_బూట్స్

అన్నా, మెస్సీ మస్తు ఆడుతడు, కాదంటలేను. కానీ ఎవల కాలంల ఎట్ల ఆడనిచ్చిన్రో చూడకుంట లెక్క తియ్యొద్దు. నా ఓటు మారడోనాకే.

1982 జూన్ 29న బార్సిలోనాల ఇటలీ, అర్జెంటీనా మ్యాచ్ చూడున్రి. ఇటలీ డిఫెండర్ జెంటిలె ఒక్క మ్యాచ్‌ల మారడోనా మీద చేసిన ఫౌళ్లు 23 అని లెక్క. ఎల్లో కార్డుతోని బయటపడ్డడు. 1986 ప్రపంచకప్ మొత్తంల మారడోనా మీద 53 ఫౌళ్లు. వెనక నుంచి కాళ్లల్లకు దూకితే నేరుగా రెడ్ కార్డు ఇయ్యాలని గట్టిగ పట్టుకున్నది 1998 ప్రపంచకప్ నుంచే. ఇయ్యాల మనం చూస్తున్న డ్రిబ్లింగ్ అంత ఆ నీడల బతుకుతున్నది.

పిల్లలకు ముందుగాల జెంటిలె మ్యాచ్ పది నిమిషాలు పెట్టున్రి, చాలు. తర్వాత 1986 జూన్ 22, మెక్సికోల అజ్టెకా స్టేడియం, ఇంగ్లండ్ మ్యాచ్ పూర్తిగ. మిట్టమధ్యాహ్నం 12కు మొదలైంది, సముద్ర మట్టానికి 2,200 మీటర్ల పైన. ఊపిరి అందని జాగ, గడ్డి గుడ్డలు గుడ్డలు లేస్తున్న నేల, బంతి ఎటు ఎగురుతదో తెల్వది. 51వ నిమిషంల చేతితోని కొట్టిన గోల్ కాడ పిల్లలు అడుగుతరు. అది ఫౌలే, రెఫరీ చూడలే, వీడియో రెఫరీ అప్పుడు లేకుండె అని సీదా చెప్పున్రి, సాగదీయొద్దు.

55వ నిమిషంల గోల్‌కు మాత్రం టైమ్ ఇయ్యున్రి. సొంత హాఫ్‌ల ఎన్రికె ఇచ్చిన చిన్న పాస్. బియర్డ్‌స్లీ, రీడ్ నడుమ నుంచి తిరిగిండు, బుచర్, ఫెన్విక్, మల్ల కీపర్ షిల్టన్. పది సెకన్ల చిల్లర, పదకొండు టచ్‌లు, అన్నీ ఎడమ కాలే. ఫెన్విక్‌కు పొద్దుగాలనే, తొమ్మిదో నిమిషంల, ఎల్లో కార్డు పడ్డది. గోల్ ముందటి పెట్టెలోపల కాలు అడ్డం పెడితే పెనాల్టీ, దాని మీద రెండో కార్డు. గందుకే ఆయన చెయ్యి చాపిండు గానీ కాలు చాపలే. మారడోనా ఆయన దిక్కే ఎందుకు పోయిండో పిల్లలను అడగున్రి.

దానెంట అదే ప్రపంచకప్ ఫైనల్, పశ్చిమ జర్మనీతోని, 84వ నిమిషం. జర్మనీ మాథయస్ మ్యాచ్‌ల చానాసేపు ఆయన మీదనే ఉన్నడు, స్కోరు 2-2. చుట్టు మనుషులున్న జాగల బంతి పడంగనే ఒక్క టచ్‌ల బుర్రుచాగాకు పంపిండు, గోల్. పదకొండు టచ్‌లు ఎప్పుడు కావాలె, ఒక్క టచ్ ఎప్పుడు కావాలె తెల్సినోడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపెట్టున్రి.

లెఫ్ట్‌బ్యాక్_3

అందరూ పది నంబర్ చొక్కా వేసుకునే ఎటాకర్ల గురించే రాస్తున్నారు. నేను చూసినవాళ్లలో పూర్తి ఆటగాడు పావ్లో మాల్దీని. కుడి కాలి ఆటగాడు, ఎక్కువగా ఎడమవైపు ఆడాడు. 1989 నుంచి 2007 దాకా ఐదు యూరోపియన్ కప్పులు గెలిచాడు.

మ్యాచ్ 1994 మే 18, ఏథెన్స్, చాంపియన్స్ లీగ్ ఫైనల్. మిలాన్ 4, బార్సిలోనా 0. మిలాన్ సెంటర్ బ్యాక్‌లు బరేసీ, కోస్టకూర్టా ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉన్నారు. లెఫ్ట్ బ్యాక్ మాల్దీనిని ఫిలిప్పో గల్లీ పక్కన సెంటర్ బ్యాక్‌గా పెట్టారు. ఎదురుగా రొమారియో, స్టోయిచ్‌కోవ్. మ్యాచ్ మొత్తంలో మాల్దీని నేల మీద జారి బంతి తీయాల్సిన సందర్భం ఎంత అరుదో చూడండి. ముందుగానే సరైన చోట నిలబడితే జారాల్సిన పని ఉండదు. రొమారియోకు పాస్ వచ్చే దారిని అర అడుగు లోపలికి జరిగి మూసేస్తాడు, పాస్ ఇచ్చేవాడు ఇంకో వైపు చూసుకుంటాడు. ఇది హైలైట్స్‌లో ఉండదు, ఎందుకంటే ఏమీ జరగలేదు కాబట్టి.

పిల్లలకు ఇచ్చే పని: బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ తల ఎత్తిన ప్రతిసారీ వీడియో ఆపి, మాల్దీని భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో గీయమనండి. భుజాలు అడ్డంగా, సగం తన గోల్ వైపు, సగం బంతి వైపు ఉంటాయి. మన దగ్గర పిల్లలు పూర్తిగా బంతికి ఎదురుగా నిలబడతారు, వీపు వెనక పరుగు పెడితే తిరగడానికే ఒక క్షణం పోతుంది. అండర్-15లో తినే గోల్స్‌లో ఎక్కువ భాగం ఈ ఒక్క తప్పు వల్లే.

కీపర్ అయితే జర్మనీ వాడు మాన్యుయెల్ నోయర్. 2014 జూన్ 30, పోర్టో అలెగ్రె, జర్మనీ 2, అల్జీరియా 1, ఎక్‌స్ట్రా టైమ్‌లో. జర్మనీ డిఫెన్స్ చాలా పైకి ఆడుతోంది, మెర్టెసాకర్‌కు వేగం లేదు, హుమ్మెల్స్ ఆడలేదు. అల్జీరియా వాళ్లు వెనక ఖాళీలోకి పొడుగు బంతులు వేస్తూనే ఉన్నారు. స్లిమానీ పరుగు మొదలుపెట్టే లోపే నోయర్ పెట్టె బయటికి వచ్చి కాలితో, తలతో తీసేస్తాడు. బంతి గాల్లో ఉండగానే కదులుతాడా, నేలకు తగిలాకా? అదొక్కటే చూడమనండి. ఆలస్యంగా బయల్దేరిన కీపర్ ఇదే పని చేయబోతే ఫౌల్, రెడ్ కార్డు. కాబట్టి చిన్న కీపర్లకు చూపించేటప్పుడు ఎప్పుడు రాకూడదో కూడా చెప్పాలి: ఫార్వర్డ్ బంతికి తనకంటే దగ్గరగా ఉంటే గీత మీదే ఉండాలి.

టోలిచౌకి_కోచ్

చాలా థాంక్స్. ఎల్లో కార్డు సంగతి, మాల్దీని భుజాల సంగతి రెండూ ఈ వారమే పెడతాను. పీలే, జిదాన్ గురించి ఎవరూ రాయలేదు. ఇంకొకటి, పాత మ్యాచ్‌లు పెద్ద తెర మీద వేస్తే ఆటగాళ్లు లావుగా, నెమ్మదిగా కనిపిస్తున్నారు, కదిలేటప్పుడు అడ్డగీతలు వస్తున్నాయి. పిల్లలు నవ్వుతున్నారు.

యాభై_ఫ్రేములు

ఆ నవ్వుకు కారణం ఆట కాదు, సెట్టింగు. పాత ప్రసారాలు 4:3 కొలతలో ఉంటాయి. ప్రొజెక్టర్ దాన్ని 16:9కి అడ్డంగా సాగదీస్తే మనుషులు మూడో వంతు లావవుతారు, లావైన మనిషి నెమ్మదిగా పరుగెత్తినట్టే కనబడతాడు. ప్రొజెక్టర్ మెనూలో ఆస్పెక్ట్ 4:3 లేదా ఒరిజినల్ పెట్టండి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే ఇంగ్లిష్ 'A' అక్షరం నొక్కుతూ పోతే కొలతలు మారతాయి.

అడ్డగీతలు ఇంటర్‌లేసింగ్ వల్ల. అప్పటి టీవీ ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలు అని రెండు ముక్కలుగా పంపేది. ఆ ముక్కలు కంప్యూటర్లో ఒకేసారి పడితే కదిలే కాళ్లు దువ్వెన పళ్లలా చీలుతాయి. వీఎల్‌సీలో డి అక్షరం నొక్కితే డీఇంటర్‌లేస్ ఆన్ అవుతుంది. మోడ్ యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుంటే సెకనుకు 50 బొమ్మలు వస్తాయి, పరుగు సాఫీగా ఉంటుంది. హాల్లో స్మార్ట్ టీవీ వాడితే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది లేని ఫ్రేములను ఊహించి కలుపుతుంది, చిన్న బంతి వేగంగా పోయేటప్పుడు చెరిగిపోతుంది.

ఫిఫా యూట్యూబ్ చానెల్లో, ఫిఫా ప్లస్‌లో పాత ప్రపంచకప్ మ్యాచ్‌లు చాలావరకు పూర్తిగా పెట్టారు. ఎవరో రికార్డు చేసి పెట్టిన కాపీల్లో వేగం కాస్త పెంచి, ఫ్రేము కత్తిరించి ఉంటుంది, అంచుల్లో ఉన్న వింగర్లు మాయమవుతారు. అవి వద్దు.

ఫాల్స్‌నైన్_10

పీలే కోసం 1970 జూన్ 21 ప్రపంచకప్ ఫైనల్, బ్రెజిల్ 4, ఇటలీ 1. చివరి గోల్ 86వ నిమిషంలో. 85 నుంచే నడపండి, బంతి లేని చోటు చూడమనండి. ఇటలీ మనిషికి మనిషి మార్కింగ్ ఆడుతోంది. జైర్‌జిన్హో కుడి వింగ్ వదిలి ఎడమకు వచ్చేస్తాడు, లెఫ్ట్ బ్యాక్ ఫాకెట్టి అతని వెంటే వచ్చేస్తాడు. దాంతో కుడివైపు మొత్తం ఖాళీ. పీలే పెట్టె ముందు బంతి ఆపి, ఆ వైపు తల కూడా తిప్పకుండా, తాపీగా దొర్లించి వదులుతాడు. కార్లోస్ ఆల్బెర్టో పరుగు మీద వచ్చి కొట్టాడు. ఆ తాపీతనమే పీలే. గట్టిగా ఇచ్చి ఉంటే బంతి అతని పరుగు కంటే ముందుకు పోయేది.

జిదాన్‌కు 2006 జూలై 1, బ్రెజిల్‌తో ఫ్రాన్స్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. 34 ఏళ్ల మనిషి. స్కోరు 1-0, ఆన్రీకి ఫ్రీకిక్ ఇచ్చింది అతనే, కానీ చూడాల్సింది ఫస్ట్ టచ్. అడ్డు వచ్చినవాడి దగ్గర కాలికి దూరంగా ఉండే వైపే ప్రతిసారీ బంతి ఆగుతుంది. అందుకే ఎవరూ అతని దగ్గర బంతి లాగలేక చుట్టూ తిరుగుతారు.

ఎడమ_వింగ్_సికింద్రాబాద్

జట్టులో అమ్మాయిలు ఉన్నారా? ఉన్నా లేకపోయినా మార్తాను చూపించండి. 2007 సెప్టెంబర్ 27, హాంగ్‌జౌ, ప్రపంచకప్ సెమీఫైనల్, బ్రెజిల్ 4, అమెరికా 0. మొదటి హాఫ్ చివర్లో అమెరికాలో ఒకరికి రెడ్ కార్డు పడింది, కాబట్టి ఆమెను అంచనా వేయాల్సింది 11 మందికి 11 మంది ఉన్న మొదటి 45 నిమిషాల్లో. 79వ నిమిషం గోల్ మాత్రం ఎవరితో ఆడినా గొప్పదే: గోల్‌కు వీపు పెట్టి, బంతిని ఒకవైపు నుంచి తప్పించి తను ఇంకోవైపు నుంచి తిరుగుతుంది. నిజామాబాద్ నుంచి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య మ్యాచ్‌లు కూడా పెట్టండి. వింగర్ ఎప్పుడు లోపలికి కోయాలి, ఎప్పుడు గీత వెంట పోవాలి అన్నది ఇంటి పక్క ఊరి అమ్మాయి ఆటలో చూస్తే పిల్లలకు దూరం తగ్గుతుంది.

రోవర్స్‌కప్_1950

హైదరాబాద్ గురించి అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను. ఇబ్బంది ఏమిటంటే మన పెద్ద ఆటగాళ్ల పూర్తి మ్యాచ్ వీడియోలు చూపించడానికి లేవు. అలాంటప్పుడు ఎవరి మీద ఆడారు, ఏ స్థాయిలో నిలబడ్డారు అన్నది చూడాలి.

మొదటి పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనం 1-2తో ఓడాం, ఆ గోల్ బలరాందే. ఆ హంగరీ జట్టులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచాడు. అంటే యూరప్‌లో ఉత్తముల మీద ఆడి గోల్ కొట్టిన మనిషి. పెరూ మీద కూడా కొట్టాడు. ఫార్వర్డ్ వరుసలో ఎడమన, మధ్యన, కొంచెం వెనకగా, ఎక్కడ పెట్టినా ఆడగలిగేవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, కీపర్ పీటర్ తంగరాజ్ ముగ్గురూ ఇక్కడివాళ్లే. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1.

ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆయన చేతుల్లో 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీని వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన పద్ధతిని పిల్లలతో ఆడించి చూపించవచ్చు, వీడియో అక్కర్లేదు. డ్రిబ్లింగ్ నిషేధించి ఒక్క టచ్‌తో ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. మీ దగ్గర ఇలా చేయండి: 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలంలో ఐదుగురికి ఐదుగురు. మొదటి ఆరు నిమిషాలు రెండు టచ్‌లు, తర్వాత ఆరు నిమిషాలు ఒక్క టచ్, చివరి ఆరు నిమిషాలు ఎడమ కాలి వాళ్లకు కుడి, కుడి కాలి వాళ్లకు ఎడమ. ఒక్క టచ్‌కు వచ్చేసరికి ఆట ముద్దయిపోతుంది, పాస్‌లు ప్రత్యర్థి కాళ్లకే పోతాయి. కారణం కాలు కాదు. బంతి రాకముందు చూడకపోవడం, ఇచ్చినవాడు కదలకుండా నిలబడిపోవడం. స్థలం పెంచకండి, విజిల్ వేసి ఆపకండి. ఇచ్చినవాడు రెండు అడుగులు పక్కకు జరగాలి అన్న ఒక్క నియమం చేర్చండి. మెస్సీ మ్యాచ్‌లో పిల్లలు రాసిన నాలుగో గడి ఇక్కడ పనికొస్తుంది.

మహమ్మద్ హబీబ్ పేరు కూడా చెప్పాలి. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మ్యాచ్ 2-2తో ముగిసింది. బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్, అందులో హబీబ్ ఉన్నాడు.

వీడియో దొరికేవాళ్లలో సునీల్ ఛెత్రి ఉన్నాడు, పుట్టింది సికింద్రాబాద్‌లోనే, 1984లో. 2008 ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ ఫైనల్, తజికిస్తాన్ మీద 4-1, అతని హ్యాట్రిక్. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలే, అయినా తలతో కొట్టిన గోల్స్ చాలా. డిఫెండర్ కంటే ముందు ఎగురుతాడు, ఎక్కువ ఎత్తు ఎగరడం కాదు. పొట్టి ఫార్వర్డ్‌లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

అజీజ్‌నగర్_గ్యాలరీ

తెర మీద చూపించినవి నెలకోసారైనా మైదానంలో చూపించండి కోచ్ గారూ. టీవీలో కనబడని ఆటగాడు అక్కడ ఎప్పుడూ కళ్ల ముందే ఉంటాడు. గచ్చిబౌలి స్టేడియంలో అయితే చుట్టూ పరుగు ట్రాక్ ఉంది, ముందు వరుసల్లో కూర్చుంటే ఆట దూరంగా, చదునుగా కనబడుతుంది. హాఫ్‌వే లైన్‌కు ఎదురుగా, వీలైనంత పై వరుసలో కూర్చోబెట్టండి, పదిమంది మధ్య దూరాలు తెలుస్తాయి. చిన్న మైదానాల్లో, డివిజన్ లీగ్ మ్యాచ్‌లకు వెళ్తే మాత్రం టచ్‌లైన్ పక్కనే నిలబెట్టండి, లెఫ్ట్ బ్యాక్ మాటలు, కీపర్ అరుపులు వినపడాలి. పేర్లు తెలియని ఆటగాళ్లయినా ఫర్వాలేదు. అదే కాగితం, అవే నాలుగు గళ్లు.

చాంపియన్స్ లీగ్ లైవ్ చూపిద్దామని మాత్రం అనుకోకండి. రాత్రి మ్యాచ్‌లు మనకు వేసవి టైమ్‌లో 12:30కి, చలికాలంలో 1:30కి మొదలవుతాయి, పొద్దున బడి ఉంటుంది. మర్నాడు పూర్తి రీప్లే, స్కోరు ముందే చెప్పకుండా.

టోలిచౌకి_కోచ్

క్రమం ఇలా పెట్టాను: రియల్ మాడ్రిడ్-బార్సిలోనా 2009, జెంటిలె పది నిమిషాలతో పాటు ఇంగ్లండ్ 1986, మిలాన్ 1994, నోయర్, మార్తా, 1970 ఫైనల్, జిదాన్, ఛెత్రి. ప్రతి వారం మ్యాచ్ చూపించే ముందు రహీం సాబ్ ఒక్క టచ్ ఆట 18 నిమిషాలు. అమ్మాయిలు ఆరుగురు ఉన్నారు, మార్తా వారం గళ్లు వాళ్లే నింపుతారు.